ఇరవై నాలుగు సున్నాలు

మనోజ టీచరుకు మొదట కోపం వచ్చింది ఒక ఫోను మీద. మనుషుల మీద కోపం తెచ్చుకోవడం ఆమె ఎప్పుడో మానుకుంది. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కనున్న జ్ఞానసిరి హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషి, కనబడిన ప్రతివాడి మీదా కోప్పడుతూ కూర్చుంటే చివరికి బీపీ మాత్రలే మిగులుతాయి.

సంగతేమిటంటే, జూలైలో ఒకరోజు తొమ్మిదో తరగతి పిల్లలు అడిగారు, ఒకటి నుంచి వంద దాకా ఉన్న సంఖ్యలన్నిటినీ వరసగా గుణించుకుంటూ పోతే ఎంతవుతుందని. చూసి చెబుతానని మనోజ స్టాఫ్ రూముకు వచ్చి ఫోనులో కొట్టింది. ఫోను తొమ్మిది పాయింట్ మూడు మూడు అని ఏదో నసిగింది. పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన నూట యాభై ఏడు పెట్టి చేతులు దులుపుకుంది. మొదటి నాలుగు ముక్కలు చెప్పాను, మిగతాది నీకెందుకమ్మా అన్నట్టు.

"గిది నెంబరా? నెంబర్ మీద చెప్పిన చాడీ" అని ఫోనును బల్ల మీద బోర్లా పడేసింది.

ఆ సాయంత్రమే కోహెడలో తన ఇంట్లో పాత క్యాలెండర్ దించి, కాగితాల వెనకవైపు స్కేలు పెట్టి గళ్లు గీసుకుంది. ఒకటి రెళ్లు రెండు, రెండు మూళ్లు ఆరు. ఇరవై దగ్గరికొచ్చేసరికి పంతొమ్మిది అంకెలు. యాభై దగ్గరికొచ్చేసరికి అరవై అయిదు. ప్రతి మెట్టు దగ్గరా రెండు కాపలాలు పెట్టుకుంది. అంకెలన్నీ కూడితే తొమ్మిదితో తెగాలి. ఒకటి విడిచి ఒకటి కూడుతూ తీసేస్తూ పోతే పదకొండుతో తెగాలి. బతుకమ్మ పండుగ హడావుడిలో ఈ పరీక్షలు చేయకుండా నాలుగు మెట్లు ఎక్కేసింది. డెబ్బై ఒకటి దగ్గర తొమ్మిది తెగలేదు. వెనక్కి తవ్వుకుంటూ పోతే అరవై ఏడు దగ్గర ఒక మిగులు అంకె కలపడం మరిచిపోయిందని తేలింది. వారం పని మళ్లీ చేసింది. ఎవరి కోసం చేస్తున్నావని అడిగినవాళ్లూ లేరు.

నవంబరు నడుమకు పని పూర్తయింది. నూట యాభై ఎనిమిది అంకెలు, అందులో చివరి ఇరవై నాలుగు సున్నాలు. ఆఖరి సున్నా రాసి పెన్ను కింద పెట్టాక ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది. ఇన్నేళ్లలో తను మొదలుపెట్టి, తనే చేసి, తనే సరిచూసుకున్న పని ఇదొక్కటే. సిలబస్ కాదు, ఇన్‌స్పెక్షన్ కోసం కాదు.

చేసినామె నోరు మూసుకుని ఉంటే కథ ఇక్కడే అయిపోయేది. స్టాఫ్ రూములో చెప్పింది. స్టాఫ్ రూములో చెప్పిన మాట మధ్యాహ్నం బెల్లు కొట్టేలోపు కరస్పాండెంటుకు చేరకపోతే అది స్టాఫ్ రూమే కాదు.

కరస్పాండెంట్ పేరు ఇంద్రసేన. రింగురోడ్డు బొంగులూరు ఎగ్జిట్ దగ్గర ప్లాట్లు అమ్మి, ఆ ఊపులో బడి పెట్టినవాడు. బడిని కూడా వెంచరులాగే చూస్తాడు. ఏ తరగతి రోడ్డు ఫేసింగు, ఏ తరగతి కార్నర్ అన్నదే ఆయన విద్యావిధానం. మనోజను పిలిపించి క్యాలెండర్ కాగితాలను రెండు చేతులతో పట్టుకుని చూశాడు. ఆ సంఖ్య ఎట్లా వచ్చిందని గానీ దాంతో ఏం తెలుస్తుందని గానీ అడగలేదు.

"మేడం, టోటల్ ఎంతొస్తది?" అన్నాడు.

"అన్ని అంకెలు కూడితే ఆరువందల నలభై ఎనిమిది సార్."

ఇంద్రసేన వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఆరూ నాలుగూ ఎనిమిదీ పద్దెనిమిది. ఒకటీ ఎనిమిదీ తొమ్మిది. కుర్చీలోంచి సగం లేచాడు. "తొమ్మిది! నా కారు నెంబర్ తొమ్మిది, నా ఫోన్ తొమ్మిది. గిప్పుడు స్కూల్ నెంబర్ గూడ తొమ్మిదే!"

"ఆరు దాటినంక ఏడ ఆపినా తొమ్మిదే వస్తది సార్. ముప్పై దాంక గుణించినా గంతే, వెయ్యి దాంక గుణించినా గంతే. తొమ్మిదితోని తెగే నెంబర్లన్నిటి గుణం గది."

"గదే మేడం నేననేది. నాకు ఆరు కాడికెళ్లే కలిసొచ్చింది."

మనోజ ఆయన చేతిలోంచి కాగితాలు తీసుకుని వరుసగా సర్దుకుంది.

డిసెంబరు ఇరవై రెండున గణిత దినోత్సవం. గేటు మీద ఇరవై అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఫ్లెక్సీ కట్టాలని ఇంద్రసేన అప్పటికప్పుడే నిర్ణయించాడు. బడంగ్‌పేట్‌లో ఉంటున్న రిటైర్డు ప్రొఫెసర్ బుల్లబ్బాయి గారు ముఖ్య అతిథి. యూనివర్సిటీలో లెక్కలు చెప్పినాయన. పేపరువాళ్లు వస్తారు, లీడర్లు వస్తారు.

"ఒక్క మాట మేడం" అన్నాడు ఇంద్రసేన, గొంతులో తీపి తగ్గించి. "గాయన పెద్దమనిషి. స్టేజి మీద నెంబర్ల తప్పు పట్టిండనుకో, స్కూల్ ఇజ్జత్ పోతది. గప్పుడు మీరు తెల్లారి నుంచి రావల్సిన పనిలేదు."

"తప్పుండదు సార్. కింద చిన్నగ నా పేరు వేయించుండ్రి. చేతితో గుణించినది ఫలానా అని."

"ఎందుకు వేయించం? తప్పక."

మనోజ తలూపింది. ఉద్యోగం సంగతి ఆమెను అంతగా భయపెట్టలేదు. తన సంఖ్య తప్పుల్లేకుండా ఒక్కరోజు ఊరి నడుమ నిలబడితే చాలనుకుంది. అది చాలా చిన్న కోరిక. ఫ్లెక్సీ గురించి తెలియనివాళ్లకే అలాంటి చిన్న కోరికలు ఉంటాయి.

ఫ్లెక్సీ దుకాణం సామ్యేలుది. పదో తరగతిలో మనోజ చేతి మీదుగా ముప్పై అయిదు మార్కులతో గట్టెక్కినవాడు. ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో పుట్టినరోజైనా దశదినకర్మైనా వాడి మిషను గుండా వెళ్లాల్సిందే. శనివారం మధ్యాహ్నం ఆమె కాగితాలు పట్టుకుని వెళ్లేసరికి తెర మీద ఫ్లెక్సీ సగం తయారై ఉంది. అందులో ఒక్క అంకె కూడా లేదు. తొమ్మిది ముఖాలు ఉన్నాయి.

"నెంబరేది సామ్యేలూ?"

"వస్తది మేడం. మా పనిల ముందుగాల ముఖాలు పెడ్తం. మిగిలిన జాగల మ్యాటర్."

"తొమ్మిది మందేనా?"

"ఇప్పటికైతే" అన్నాడు సామ్యేలు. వాడికి అనుభవం ఉంది.

అరగంటలో ఇంద్రసేన నాలుగుసార్లు ఫోన్ చేశాడు. మాజీ సర్పంచును మరిచిపోయాం, ఆయన్ని పెడితే ఆయనంటే గిట్టని ఇంకో మాజీ సర్పంచునూ పెట్టాలి. ఆటో యూనియన్ అధ్యక్షుడు ఊరుకోడు. కాబోయే కౌన్సిలర్లు ముగ్గురున్నారు, ఒకే వార్డుకు. ఒక పెద్దాయన బామ్మర్ది ఉన్నాడు. ఆయన ఏమిటని అడిగితే బామ్మర్ది అనే చెప్పాలి. తొమ్మిది పద్నాలుగైంది, పద్నాలుగు పంతొమ్మిదైంది, చివరికి ఇరవై మూడు దగ్గర నిలిచింది. ముఖాలు పెరిగినకొద్దీ కింద జాగా తగ్గుతూ వచ్చింది. తెర మీద మనోజ సంఖ్య చీమల బారయింది. రోడ్డు మీద నిలబడి చూస్తే గీతలాగా కనిపిస్తుంది.

"సార్, అంకెలు పడ్తలేవు" అన్నాడు సామ్యేలు ఫోనులో, స్పీకర్ పెట్టి.

"చివర అన్నీ సున్నాలే గదరా. సున్నాకు విలువేముంది? తీసెయ్."

"మీ ప్లాటు రేటుల కెళ్లి రెండు సున్నాలు తీసి అమ్ముతరా సార్?" అంది మనోజ.

ఆ ఒక్క ఉదాహరణతో స్థానవిలువ పాఠం ఇంద్రసేనకు జీవితంలో మొదటిసారి అర్థమైనట్టుంది. "సరే, సున్నాలుండనియ్" అన్నాడు. "నడుమ ఏడనో తొమ్మిది నాలుగుసార్లు ఉన్నది కద. ఒకే నెంబర్ నాలుగుసార్లెందుకు? ఒకటి చాలు."

మనోజకు ఒళ్లు మండింది. ఆ సంఖ్య నడుమ నాలుగు తొమ్మిదులు పక్కపక్కన నిజంగానే ఉన్నాయి. వాటిలో మూడు పీకేస్తే తొమ్మిది పరీక్షకు కూడా దొంగతనం దొరకదు, ఎందుకంటే పోయింది తొమ్మిదులే. ఈ మనిషికి లెక్కలు రావు గానీ లెక్కల్లో దొరక్కుండా తీసేయడం ఎట్లాగో పుట్టుకతోనే వచ్చు.

"ఒక్క అంకె గూడ తీయొద్దు సార్. బుల్లబ్బాయి గారు లెక్కపెడ్తరు."

"మొదలు పది, చివర పది పెట్టి నడుమ చుక్కలు పెట్టుండ్రి మరి!"

అంటే ఫోను ఏం చేసిందో అదే. అయిదు నెలల కింద ఏ చాడీ మీద కోపమొచ్చి ఆమె క్యాలెండర్ దించిందో, అదే చాడీని ఇరవై అడుగుల వెడల్పున అచ్చేయమంటున్నాడు. పైగా ప్రొఫెసర్ తప్పు పడితే ఉద్యోగం ఊడేది ఆమెకు. మనోజ ఫోను కట్ చేయించింది.

సామ్యేలు తల గోక్కున్నాడు. "మేడం, ఒక పని చేస్త. కింద మీ పేరు లైను తీసేస్తే అర అడుగు కలిసొస్తది."

ఆమె తెర వైపు చూసింది. పేరు అక్కడ చక్కగా, చిన్నగా ఉంది. మనసు చివుక్కుమంది. లేదనడం అబద్ధం.

"తీసెయ్" అంది.

అర అడుగు కలిసొచ్చింది. అయినా చాల్లేదు. ఇరవై మూడు ముఖాలు ఫ్లెక్సీలో సగానికి పైగా కూర్చునే ఉన్నాయి. సామ్యేలు వాటిని ఒక్కొక్కటిగా సర్దుతున్నాడు. ఒక్కో ముఖం చుట్టూ బంగారు రంగులో ఒక చట్రం. మనోజ కుర్చీని తెర దగ్గరికి లాక్కుంది. ఆ చట్రాలను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"గీ ఫొటోలు అన్నీ గుండ్రంగనే పెడ్తవా?"

"ఇప్పుడు గదే నడుస్తంది మేడం. గోల్డ్ బార్డర్, నడుమ ముఖం."

"ఇరవై మూడే కద?"

"అవ్."

"నా నెంబర్ల చివర సున్నాలెన్నో తెలుసా? ఇరవై నాలుగు. ఎందుకో చెప్త విను. వందలోపల అయిదుతోని తెగేటివి ఇరవై ఉంటయి. ఒక్కొక్కటి ఒక రెండుని పట్టుకుని ఒక సున్నా తెస్తది. పాతిక, యాభై, డెబ్బై అయిదు, వంద, గీ నాలుగింటిల అయిదు రెండుసార్లుంటది. అవి ఇంకో నాలుగు తెస్తయి. గంతే. ఇరవై నాలుగు. ఒకటి ఎక్కువ గాదు, ఒకటి తక్కువ గాదు."

"అయితే?"

"అయితే గా సున్నాలను తీసెయ్. గా జాగల వీళ్లను పెట్టు."

సామ్యేలు ఆమె ముఖంలోకి చూశాడు, తెర వైపు చూశాడు, మళ్లీ ఆమె ముఖంలోకి చూశాడు. పదో తరగతిలో ఒక్క లెక్కా ఎక్కని బుర్రకు ఇది మాత్రం సర్రున ఎక్కింది. మౌసు వదిలేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాక భయమేసింది.

"దుకాణం పగలగొడ్తరు మేడం!"

"చదివెటోడుంటే గద పగలగొట్టేది. నువ్వేం ఫికర్ జేయకు."

సామ్యేలు పనిలో దిగాడు. నూట ముప్పై నాలుగు అంకెలు మూడు వరుసలు, వరుసకు నలభై అయిదు, మూడోదాంట్లో ఒకటి తక్కువ. నాలుగో వరుసంతా ముఖాలు. "ఇరవై అడుగులంటే రెండొందల నలభై ఇంచులు. ఇరవై నాలుగుతోని భాగిస్తే ఒక్కో ముఖానికి పది ఇంచులు మేడం!" అన్నాడు. మనోజకు ముచ్చటేసింది. వీడు పరీక్షలో చేయని భాగహారం ఇన్నేళ్లకు చేశాడు.

ఒక్కటే తక్కువ పడింది. ఇరవై మూడు ముఖాలకు ఇరవై నాలుగు స్థానాలు. ఆమె ఆలోచిస్తుండగానే ఇంద్రసేన మళ్లీ ఫోన్ చేశాడు.

"అరే సామ్యేలూ, నన్ను మీద ఒక్కన్నే పెద్దగ వేయకు. లీడర్లు ఫీలైతరు. నన్ను గూడ వాళ్ల వరుసల్నే చివర్ల పెట్టు."

"పెడ్త సార్" అన్నాడు సామ్యేలు, పెదవి బిగబట్టి. "మీ కోసమే జాగ ఆపినం."

ఇక మిగిలింది వరుసక్రమం. దానికోసం ఆదివారమంతా ఫోన్లు నడిచాయి. వరుసలో మొదట తన ముఖమే ఉండాలని మాజీ కౌన్సిలర్ సిద్దయ్య పట్టుబట్టాడు, చివరికెళ్తే జనం చూడరని. మొదటి సున్నా అయినా ఆఖరి సున్నా అయినా ఒకటేనని ఆయనకు ఎవరు చెప్పగలరు? మొదటి స్థానం ఆయనకే ఇచ్చారు. తక్కినవాళ్లు అలిగి, సర్దుకుని, ఎవరి సున్నాలో వాళ్లు కూర్చున్నారు.

ఇరవై రెండో తేదీ పొద్దున బుల్లబ్బాయి గారు అందరికంటే ముందొచ్చారు. డెబ్బై అయిదేళ్ల మనిషి, చేతిలో గొడుగు. శాలువాకు, బొకేకు దొరక్కుండా తిన్నగా గేటు దగ్గరికి నడిచి, గొడుగు మొన ఎత్తి అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇంద్రసేన ఆయన వెనక, ఇంద్రసేన వెనక మనోజ. ఆమె కూడా ఆయనతో పాటే పెదవుల్లో లెక్కపెడుతోంది. మూడు వరుసలు అయ్యేసరికి పావుగంట పట్టింది.

"నూట ముప్పై నాలుగేనండీ" అన్నారు ఆయన వెనక్కి తిరిగి. "నూట యాభై ఎనిమిది ఉండాలి కదా. ఇరవై నాలుగు సున్నాలేవండీ?"

ఇంద్రసేన ముఖం పాలిపోయింది. మనోజ వైపు తిరిగి పళ్లు కొరికాడు. "మేడం, నేనేం చెప్పిన మీకు?"

"కింది వరుస గూడ చూడుండ్రి సార్" అంది మనోజ ప్రొఫెసరుతో.

బుల్లబ్బాయి గారు గొడుగు దించి ముఖాల వరుస మొదట్లోకి వెళ్లారు. సిద్దయ్య దగ్గర ఒకటి అన్నారు. బామ్మర్ది దగ్గర పదకొండు అన్నారు. పదిహేడు దాటాక ఆయన నడక మెల్లబడింది. ఇంద్రసేన ముఖం మీద గొడుగు మొన ఆనించి ఇరవై నాలుగు అన్నారు. అప్పుడు వచ్చింది ఆయనకు నవ్వు. అది దగ్గుగా మారి, గేటు పట్టుకుని నిలబడాల్సొచ్చింది. ఇంద్రసేన కంగారుగా నీళ్ల బాటిల్ అందించాడు.

"సరిపోయింది సార్?"

"సరిపోవడమేంటండీ! ఇంత సరిగ్గా నేనెక్కడా చూళ్లేదు." ఆయన కళ్లు తుడుచుకుని ఫ్లెక్సీ అంతా మరోసారి వెతికారు. "ఇది గుణించినావిడ పేరేదండీ? ఎక్కడా కనబడదే."

"జాగ సరిపోలేదు సార్" అంది మనోజ.

ఆయన గొడుగును చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించి ఆమెకు నమస్కారం పెట్టారు. మనోజ కళ్లు నిండాయి. ఆమె తల పక్కకు తిప్పుకుంది.

స్టేజి మీద ఆయన మాట్లాడింది రెండు నిమిషాలే. "నలభై ఏళ్లు లెక్కలు చెప్పానండి. ఈ ఫ్లెక్సీలో ఒక్క తప్పు లేదు. ఏ స్థానంలో ఏది ఉండాలో సరిగ్గా అదే ఉంది" అన్నారు. కింది వరుసలో ఉన్నవాళ్లంతా పై వరుసలో కూర్చుని గట్టిగా చప్పట్లు కొట్టారు. సిద్దయ్య లేచి నిలబడి మరీ కొట్టాడు. ఉద్యోగం నిలిచింది. ఇంద్రసేన ఆ సాయంత్రం మనోజకు తన చేతులతో లడ్డూ ఇచ్చి, ఫొటో తీయించుకున్నాడు.

నాలుగు రోజులు ఫ్లెక్సీ క్షేమంగా ఉంది. అయిదో రోజు సిద్దయ్య పార్టీ మారాడు. మారడం కొత్త కాదు, మూడోసారి. కండువా కప్పుకున్న ఫొటో ఊరంతా తిరిగింది. మర్నాడు బడి తెరిచేసరికి ఫ్లెక్సీలో సిద్దయ్య ముఖం లేదు. ఎవరు కోశారో అందరికీ తెలుసు, చూసినవాళ్లు మాత్రం లేరు. కోసినవాడికి బంగారు చట్రం మీద గౌరవమో ఏమో, దాన్ని ముట్టుకోకుండా లోపలి ముఖాన్ని మాత్రం బ్లేడుతో గుండ్రంగా తీసుకుపోయాడు.

మనోజ ఆటో దిగి అక్కడే ఆగిపోయింది. ఆరు, ఎనిమిది, ఆరు, నాలుగు, తర్వాత కింది వరుస మొదట్లో బంగారు అంచుతో, లోపల ఏమీ లేకుండా, అచ్చమైన సున్నా. అందులోంచి ఆకాశం కనిపిస్తోంది. ఆమెకు నవ్వొచ్చింది. నాలుగు నెలలు క్యాలెండర్ వెనక తను ఎట్లా రాసిందో అట్లాగే ఉంది.

ఇంద్రసేన ఫ్లెక్సీ కింద అటూ ఇటూ తిరుగుతున్నాడు, పక్కన సామ్యేలు కొలతల టేపుతో నిలబడ్డాడు. మనోజను చూడగానే ఇంద్రసేన ఎదురొచ్చాడు.

"మేడం, గీ బొక్కతోని స్కూల్ ఇజ్జత్ పోతంది. ఇంకో లీడర్ను పెడ్దామంటే నలుగురు పోటీకొచ్చిండ్రు. ఒకర్ని పెడితే ముగ్గురు తిడ్తరు." ఉన్నట్టుండి ఆయన ముఖం వెలిగింది. చాలా పెద్ద మనసు చేసుకున్నవాడిలా గొంతు సవరించుకున్నాడు. "ఎందుకీ లొల్లి? మీ ఫొటోనే పెట్టిద్దాం మేడం. ఎంతైనా నెంబర్ జేసింది మీరే కద!"

సామ్యేలు టేపు చుట్టడం ఆపి టీచరు వైపు భయంగా చూశాడు.

మనోజ ఆ గుండ్రటి ఖాళీని ఇంకోసారి చూసుకుంది. మొదటి బెల్లు కొట్టారు. ఆమె హాజరుపట్టీ చంకలోకి సర్దుకుంది.

"వద్దు సార్" అంది. "ఇరవై నాలుగింటిల గదొక్కటే ఇప్పుడు సరిగ్గున్నది. గట్లనే ఉండనియ్యుండ్రి."